‘మిశ్రమ స్పందన’ అంటే ఏమీ చెప్పనట్టే

సంపాదకులు గారికి,

నమస్కారం. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఎవరైనా నలుపు తెలుపులో ప్రయోగాత్మక లఘుచిత్రం తీసి ప్రదర్శిస్తే పత్రికలు జిల్లా పేజీలో చోటిస్తున్నాయి. అందుకు కృతజ్ఞతలు. అయితే ఆ వార్తలు చాలా వరకు ‘ప్రేక్షకుల నుంచి మిశ్రమ స్పందన వచ్చింది’ అన్న వాక్యంతోనే ముగుస్తున్నాయి. దాంతో తీసినవాళ్లకు తమ పనిలో ఏది నిలిచిందో, ఏది జారిపోయిందో తెలియదు. పైగా దాని చుట్టూ ఒక పనికిరాని తగువు పుడుతుంది. ‘మనోళ్లకు ఇసొంటివి సమజ్ గావు’ అని ఒక పక్షం, ‘వీళ్లకు తీసుడు రాదు’ అని ఇంకో పక్షం.

రెండూ తొందరపాటు మాటలే. హాలు మెట్లు దిగుతూ ప్రేక్షకుడు అనే మొదటి మాటను ఉన్నదున్నట్టు పట్టుకుంటే అందులో చాలాసార్లు ఫలానా లోపం ఫలానా చోట ఉందని తేలుతుంది. అది సినిమాలో ఉండొచ్చు, ప్రొజెక్టర్‌లో ఉండొచ్చు, హాలు కిటికీలో ఉండొచ్చు. లఘుచిత్రాల ఎడిటింగ్, ప్రొజెక్షన్ పనుల్లో ఉన్న మేం, తరచుగా వినిపించే మాటల వెనుక ఏముంటుందో ఇక్కడ రాస్తున్నాం. పత్రికకూ, ప్రదర్శనలు పెట్టేవాళ్లకూ పనికొస్తుందని మా నమ్మకం.

అన్నిటికంటే ఎక్కువ వినబడే మాట ‘అంతా బూడిద లెక్కున్నది, ఏం కనవడలే’. ఇది నూటికి తొంభై పాళ్లు హాలు తప్పు. ప్రొజెక్టర్ వెలుతురును వెయ్యగలదు గానీ చీకటిని వెయ్యలేదు. హాల్లో ఉన్న వెలుగుకు తెర ఎంత తెల్లగా కనిపిస్తే, సినిమాలో నలుపు అంతకంటే నల్లగా ఉండదు. లెక్క వేసి చూడండి. 3000 ల్యూమెన్ల (ప్రొజెక్టర్ వదిలే మొత్తం వెలుతురుకు కొలత) ప్రొజెక్టర్‌తో 10 అడుగుల వెడల్పు, 5.6 అడుగుల ఎత్తు బొమ్మ వేస్తే తెర మీద పడే తెలుపు సుమారు 570 లక్స్ (చదరపు మీటరుకు ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్). వెనక రెండు ట్యూబులైట్లు వెలుగుతూ తెర మీద 50 లక్స్ పడుతుంటే తెలుపుకూ నలుపుకూ తేడా 12 రెట్లే. లైట్లన్నీ ఆపి, కిటికీలకు నల్లగుడ్డ కట్టి ఆ 50ని 2 లక్స్‌కు దించితే అదే ప్రొజెక్టర్‌తో 280 రెట్లు దాటుతుంది. రంగుల సినిమా అయితే 12 రెట్ల తేడాలో కూడా ఎర్రచీర ఎర్రగానే కనిపించి కథను నడిపిస్తుంది. నలుపు తెలుపు సినిమాకు ఉన్న ఆస్తంతా ఆ తేడానే. అది పోతే మిగిలేది ఏమీ లేదు. ఈ కొలతకు ఫోనులో లక్స్ మీటర్ యాప్ చాలు. కచ్చితంగా చూపకపోయినా, లైట్లు ఆపకముందు ఎంత, ఆపాక ఎంత అన్నది తెలుస్తుంది. ప్రొజెక్టర్‌ను ఎకో మోడ్‌లో పెడితే వెలుతురు మూడో వంతు దాకా తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

పరకాల, నర్సంపేట, ములుగు వైపు ఊళ్లలో ఆరుబయట వేసేవాళ్లకు ఇంకో బాధ ఉంది. మే నెలలో మన దగ్గర పొద్దుగూకేది సుమారు 6.40కి. అప్పటి నుంచి కనీసం 40 నిమిషాలు ఆగందే సినిమా మొదలుపెట్టకూడదు. పంచాయతీ వాళ్లతో ముందే మాట్లాడి తెరకు ఎదురుగా ఉన్న రెండు స్తంభాల ఎల్‌ఈడీ లైట్లు గంటసేపు ఆపించుకోవాలి. తెల్ల పంచె గానీ దుప్పటి గానీ తెరగా కడితే సగం వెలుతురు వెనక్కి కారిపోతుంది. దాని వెనుక నల్లగుడ్డ కడితే వెనక దీపాల వెలుగు తెర గుండా రాదు. గుడ్డ నాలుగు అంచులూ లాగి కట్టాలి. రంగుల బొమ్మలో దాక్కునే ముడతలు, ఖాళీ ఆకాశం ఉన్న నలుపు తెలుపు షాట్‌లో గీతల్లా పైకి తేలుతాయి.

‘బ్లాక్ అండ్ వైట్ అన్నరు గని నాకైతే రంగులు మెరిసినయ్’ అని కొందరంటారు. వాళ్లను చూసి నవ్వకండి, వాళ్లు నిజమే చెబుతున్నారు. స్కూళ్లలో, ఫంక్షన్ హాళ్లలో వాడే డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో చాలావాటికి ఒకే చిప్ ఉంటుంది. అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలను ఒకదాని వెంట ఒకటి అతి వేగంగా వేస్తుంది, కన్ను వాటిని కలిపి తెలుపు అనుకుంటుంది. చూపు తెర మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు చటుక్కున కదిలినప్పుడు ఆ మూడూ కంట్లో వేర్వేరు చోట్ల పడి అంచులు విడిపోతాయి. చీకట్లో దీపం, నల్ల గోడ మీద ట్యూబులైటు వంటి షాట్లలో ఇది మరీ ఎక్కువ. అందరికీ కనిపించదు, కనిపించినవాళ్లకు తలనొప్పి కూడా రావచ్చు. ఇలాంటి సినిమాకు వీలైతే మూడు ప్యానెళ్ల ఎల్‌సీడీ ప్రొజెక్టర్ అద్దెకు తీసుకోవడం మేలు. అందులో మూడు ప్యానెళ్లూ సరిగ్గా ఒకదానిపై ఒకటి కూర్చోకపోతే టైటిల్ అక్షరాల అంచుకు సన్నని రంగు గీత వస్తుంది, కొన్ని మోడళ్లలో మెనూలోనే దాన్ని సరిచేసుకోవచ్చు. ఏ ప్రొజెక్టర్ అయినా ‘డైనమిక్’, ‘వివిడ్’ మోడ్‌లు వద్దు, తెలుపు ఆకుపచ్చ ఛాయకు తిరుగుతుంది. ‘సినిమా’ మోడ్ పెట్టి రంగు ఉష్ణోగ్రత 6500కె ఉంచండి.

‘నీడల్ల మొఖాలు కనవడలే’ అన్నారంటే ల్యాప్‌టాప్‌కూ ప్రొజెక్టర్‌కూ మధ్య లెక్క కుదరలేదేమో ముందు చూడాలి. ల్యాప్‌టాప్ 0 నుంచి 255 దాకా విలువలు పంపుతుంటే, ప్రొజెక్టర్ 16 నుంచి 235 దాకానే వస్తాయని కూర్చుంటే, 16 కిందివన్నీ ఒకే నలుపు, 235 పైవన్నీ ఒకే తెలుపు అయిపోతాయి. ఏనుమాముల యార్డులో పత్తి కుప్ప మీద ఎండ పడ్డ షాట్ ఉందనుకోండి, దూది పోగులన్నీ పోయి సున్నం కొట్టిన గోడలా మిగులుతుంది. లెక్క తిరగబడితే నలుపే బూడిదవుతుంది. ప్రొజెక్టర్ మెనూలో హెచ్‌డీఎంఐ రేంజ్ అన్నచోట ఫుల్, లిమిటెడ్ అని ఉంటుంది, మార్చి చూడాలి. సినిమా ఫైలుకు ముందు 11 మెట్ల బూడిద పట్టీ ఒకటి 20 సెకన్లు పెట్టుకుంటే జనం రాకముందే సంగతి తేలిపోతుంది. పదకొండు మెట్లూ విడివిడిగా కనబడాలి, చివరి రెండు కలిసిపోతే సరిచెయ్యందే మొదలుపెట్టకూడదు.

‘బొమ్మ ఆగిందనుకున్నం’, ‘సౌండ్ పోయిందనుకున్నం’ అన్నవి అక్కాచెల్లెళ్ల లాంటి ఫిర్యాదులు. ప్రయోగం చేసేవాళ్లు నిశ్చల చిత్రాలు వాడతారు, పూర్తి నిశ్శబ్దం వాడతారు. ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ 1962లో తీసిన 28 నిమిషాల ‘లా జెతే’ దాదాపు మొత్తం ఫొటోలతోనే నడుస్తుంది. అక్కడ మిషన్ ఆగిందన్న అనుమానం రాదు, ఎందుకంటే కింద ఒక గొంతు కథ చెబుతూనే ఉంటుంది. బొమ్మా ధ్వనీ రెండూ ఒకేసారి ఆగితే మన హాళ్లలో జనం వెనక్కి తిరిగి ఆపరేటర్ వంక చూస్తారు. కరెంటు పోవడాలూ వైర్లు ఊడడాలూ చూసిన జనం అలా చూడడం సహజం. నిశ్శబ్దం కావాలంటే సౌండ్ ట్రాక్‌ను సున్నా చెయ్యకుండా ఆ గది చప్పుడే లోగొంతుకలో ఉంచాలి. షూటింగ్ జరిగిన చోట అందరినీ మాట్లాడకుండా నిలబెట్టి ఒక నిమిషం ఉత్త గది చప్పుడు రికార్డు చేసుకుంటే ఎడిటింగ్‌లో అదే ఆదుకుంటుంది. నిశ్చల చిత్రంలోనూ ఫిల్మ్ గింజ (గ్రెయిన్, అంటే బొమ్మ నిండా కనిపించే సన్నని చుక్కలు) కదులుతూ ఉంటే కన్ను అది బతికే ఉందని నమ్ముతుంది. కానీ వాట్సాప్‌లో పంపిన ఫైలును వేస్తే ఆ గింజ చచ్చిపోయి మచ్చలు మచ్చలుగా మిగులుతుంది. ప్రతి ఫ్రేములో మారే గింజను కుదించడం కష్టం గనుక యాప్ మొదట దాన్నే పారేస్తుంది. ఫైలును పెన్‌డ్రైవ్‌లోనే తెప్పించుకోవాలి. 1080పీ అయితే సెకనుకు 15 నుంచి 20 మెగాబిట్లు ఉండేలా ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి.

కెమెరా పక్కకు తిరిగినప్పుడు బొమ్మ కుంటుతుందంటే కారణం వేరు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను సెకనుకు 60 సార్లు బొమ్మ వేసే (60 హెర్ట్జ్) ల్యాప్‌టాప్‌లో వేస్తే ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు నిలుస్తుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సినిమాను 25 ఫ్రేముల్లో, 1/50 షట్టర్‌తో (ప్రతి ఫ్రేమూ సెకనులో యాభయ్యో వంతు సేపు వెలుతురు పట్టేలా) తీసి, ల్యాప్‌టాప్ డిస్‌ప్లేను 50 హెర్ట్జ్‌లో పెడితే అన్నీ కుదురుతాయి. ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. 1/50 షట్టర్‌లో సరిగ్గా రెండు మిణుకులు పడతాయి. 1/60 పెడితే ఒకటీ ముప్పావు కూడా నిండదు, గోడ మీద నీడ పట్టీలు పడతాయి. రంగుల్లో చూసీ చూడనట్టు పోయేది నలుపు తెలుపులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక తీసేవాళ్లు తప్పక పట్టించుకోవాల్సిన మాటలకు వద్దాం. ‘ఆమె మొగడు సచ్చిపోయిండా?’ అని ప్రేక్షకురాలు అడిగితే, కథలో అలాంటిదేమీ లేకపోతే, దర్శకులు తెల్లబోతారు. బొట్టు కనబడలేదు, అంతే. ఫోనుతో, కెమెరాతో రంగుల్లో తీసి ఎడిటింగ్‌లో నలుపు తెలుపు చేస్తాం. సాఫ్ట్‌వేర్ మామూలుగా ఎరుపుకు 21 శాతం, ఆకుపచ్చకు 72 శాతం, నీలానికి 7 శాతం చొప్పున బరువులిచ్చి కలుపుతుంది. 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో కుంకుమ విలువలు ఎరుపు 170, ఆకుపచ్చ 20, నీలం 40 అనుకుందాం. చామనఛాయ నుదురు 150, 105, 80 అనుకుందాం. ఆ బరువులతో కుంకుమ 53కు, నుదురు 113కు వస్తాయి, బొట్టు నల్లగా నిలబడుతుంది. కానీ ముఖం మెరవాలని, చర్మం మీది మచ్చలు పోవాలని చాలామంది ఎరుపు ఛానెల్‌ను పెంచుతారు. పూర్తిగా ఎరుపే తీసుకుంటే కుంకుమ 170, నుదురు 150. బొట్టు నుదుట్లో కలిసిపోయింది. పెద్దవాళ్లు ముందు చూసేది నుదురే, వాళ్లకు కథ అక్కడే మారిపోయింది. ఆ తర్వాత పదిహేను నిమిషాలు వాళ్లు చూసింది దర్శకుడు తీసిన సినిమా కాదు.

బతుకమ్మ తీసేవాళ్లకూ ఇదే గండం, వేరే దారిలో వస్తుంది. పసుపుపచ్చ తంగేడు 240, 200, 20 అనుకోండి. తెలుపులో లేత గులాబీ కలిసిన గునుగు 220, 190, 200 అనుకోండి. మామూలు బరువులతో తంగేడు 196కు, గునుగు 197కు వస్తాయి. వరుస మార్చి వరుస పేర్చిన పువ్వంతా ఒకే తెల్లకుప్ప అయిపోతుంది. చూసినవాళ్లు ‘అది బతుకమ్మేనా?’ అంటే వాళ్ల తప్పేముంది? నీలం ఛానెల్‌లో మాత్రం తంగేడు 20, గునుగు 200, వరుసలు పగలూ రాత్రీ అంత తేడాగా విడిపోతాయి. అందుకని ఆ షాట్‌కు నీలం బరువు 30, 40 శాతానికి పెంచాలి. అయితే ఫోను వీడియోలో నీలం ఛానెల్‌కే గరగర (నాయిస్ చుక్కలు) ఎక్కువ, కుదింపులో గళ్లు గళ్లుగా విరిగేదీ అదే. మరీ పెంచితే పూల మీద చీమలు పాకినట్టుంటుంది. పగటి వెలుతురులో, తక్కువ ఐఎస్‌ఓతో (కెమెరా వెలుతురు సున్నితత్వం తగ్గించి) తీసిన షాట్ మాత్రమే ఆ పెంపును తట్టుకుంటుంది. యార్డులో ఎండుమిర్చి సంగతీ ఇంతే. మామూలు బరువులతో మిర్చి కుప్ప 60 దగ్గర పడి బొగ్గుకుప్పలా కనిపిస్తుంది, ఎరుపు పెంచితే పల్లీల కుప్పలా ఉంటుంది. ఏ బరువుతోనూ అది మిర్చి అని తెలియదు. పక్కన మూతికి గుడ్డ కట్టుకుని తుమ్ముతున్న హమాలీ ఉంటే తెలుస్తుంది. రంగు చెప్పాల్సినదాన్ని ఇంకోటి ఏదైనా చెప్పాలి.

డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌జీబీ మిక్సర్ తెరిచి మోనోక్రోమ్ టిక్ పెడితే ఈ బరువులు షాట్ షాట్‌కూ మార్చుకోవచ్చు. ఫోనులోని రెడీమేడ్ ‘మోనో’ ఫిల్టర్‌తో తీస్తే ఆ అవకాశం పోతుంది, రంగు సమాచారమే ఫైలులో ఉండదు.

రామప్ప మదనికల నల్లరాతి విగ్రహాలను ఎదుటి వెలుతురులో తీస్తే ఒక నల్లటి ఆకారమే మిగులుతుంది. పక్క నుంచి ఏటవాలుగా వెలుగు పడే వేళ తీస్తే మెరుగు పెట్టిన రాతి అంచులు పలుకుతాయి. కొత్తవాడ జంపఖానాల సన్నచారలను దూరం నుంచి తీస్తే చారల మీద చారలు ఈదుతున్నట్టు కనిపించి కళ్లు లాగుతాయి. కెమెరాను ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపితే చాలావరకు పోతుంది.

‘ఇది పాత కాలం కథనా?’ అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. మన సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ అంటే నలుపు తెలుపు అన్న అలవాటు బలంగా ఉంది. ఇప్పటి కథే అయితే మొదటి నిమిషంలోనే చేతిలో ఫోనో, గోడకు ఇన్వర్టరో చూపించాలి. సబ్‌టైటిల్స్ తెల్లక్షరాలైతే చుట్టూ నల్ల అంచు ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోతున్నాయేమో చూడాలి. విడిపోయిన ఒత్తు చూసి హాలు నవ్వితే ఆ షాట్ మళ్లీ కోలుకోదు.

ఇంతకీ ఈ మాటలు పోగుచేసే పద్ధతి సరిగా లేకపోతే పైదంతా వృథా. సినిమా అవ్వగానే దర్శకుడు మైకు పట్టుకుని ‘ఎట్లున్నది?’ అంటే ఎవరైనా ‘మంచిగున్నదన్నా’ అనే అంటారు. మొదట లేచినాయన ఏమంటే మిగతావాళ్లు దాని చుట్టే తిరుగుతారు. అందుకని చర్చకు ముందే చీటీలు పంచాలి. ఏ4 కాగితంలో నాలుగో వంతు ముక్క, ఒక పెన్సిల్, నాలుగైదు నిమిషాల సమయం. పేరు వద్దు, కూర్చున్న వరుస నంబరు మాత్రం రాయాలి. ‘సందేశం ఏమిటి’, ‘ఎన్ని మార్కులు’ అని అడగొద్దు. మూడే ప్రశ్నలు చాలు. కండ్లు మూసుకుంటే ఏ బొమ్మ కనవడుతున్నది? ఏడ ఇసుగొచ్చింది? అందుల ఉన్నామె ఎవరు, ఏం జేస్తున్నది అనుకున్నరు? మూడో ప్రశ్న సినిమాను బట్టి మారుతుంది గానీ అది జరిగినదాన్ని అడగాలి, అభిప్రాయాన్ని కాదు. బొట్టు సంగతి బయటపడేది అక్కడే.

వరుస నంబరు ఎందుకంటే, ‘కనవడలే’ అన్న చీటీలన్నీ కిటికీ పక్క వరుసల నుంచే వస్తే లోపం కిటికీది. అన్ని వరుసల నుంచీ వస్తే ముందు మెనూ సెట్టింగులు, ఆ తర్వాత సినిమా చూసుకోవాలి. ముప్పై చీటీల్లో పది ఒకే షాట్‌ను పట్టుకుంటే ఆ షాట్ మళ్లీ చూసుకోవాలి. ఒకే ఒక్కరు అంటే రాసి పెట్టుకుని ఊరుకోవచ్చు. ఒక్క విషయం మాత్రం మరవద్దు. ‘ఇసుగొచ్చింది’ అన్న షాటూ ‘గుర్తున్నది’ అన్న షాటూ ఒకటే అయితే కత్తెర పెట్టకండి. నిడివితో ఇబ్బంది పెట్టి మనసులో దిగిన షాట్ అది. ప్రయోగం చేసింది అందుకే.

ఇంకో ఉపాయం. ముందే చెప్పి, అందరూ ఒప్పుకున్నాక, హాలు వెనకాల ఒక రికార్డర్ పెట్టండి. ఇంటికెళ్లి ఆ ఆడియోను ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో సినిమా కింద పరవండి. అందులో సినిమా ధ్వని కూడా వినిపిస్తుంది కాబట్టి రెండూ సరిగ్గా కలుపుకోవచ్చు. ఎక్కడ దగ్గులు మొదలయ్యాయి, ఎక్కడ కుర్చీలు కిర్రుమన్నాయి, ఎక్కడ నవ్వారు అన్నది ఏ షాట్ దగ్గరో కచ్చితంగా తెలుస్తుంది. దగ్గులు గుంపుగా వచ్చాయంటే ధ్యాస చెదిరినట్టే. నవ్వు మాత్రం ఎప్పుడూ వెక్కిరింత కాదు, బిగువు తట్టుకోలేక కూడా నవ్వుతారు.

సినిమాకు ముందు కథ చెప్పొద్దు గానీ, ఎన్ని నిమిషాలో, మాటలున్నాయో లేవో చెప్పండి. ఎంతసేపో తెలియని చీకట్లో కూర్చోబెట్టడం మర్యాద కాదు. హోరెత్తించే రంగుల కామెడీ వెంటనే దీన్ని వెయ్యొద్దు. మధ్యలో రెండు మూడు నిమిషాలు లైట్లు తగ్గించి ఉంచితే కళ్లు కొంత సర్దుకుంటాయి.

ఇక పత్రికకు మా విన్నపం. ప్రదర్శన వార్త రాసేటప్పుడు సినిమా ఎన్ని నిమిషాలు, హాల్లోనా ఆరుబయటా, మొదట్లో ఎందరున్నారు, చివరిదాకా ఎందరు కూర్చున్నారు అన్న నాలుగు సంగతులు వెయ్యండి. వాటి కింద ఇద్దరు ముగ్గురు ప్రేక్షకుల మాటలు, వాళ్లు అన్న యాసలోనే, దిద్దకుండా అచ్చువెయ్యండి. వాళ్లలో ఒకరైనా దర్శకుడికి పరిచయం లేనివాళ్లు, ఒకరైనా రాయడం రాని పెద్దమనిషి ఉండేలా విలేకరులు చూడాలి. చీటీ మీద రాయలేనివాళ్లను పక్కకు పిలిచి అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. వేదిక మీది అతిథుల పేర్లకు ఇచ్చే చోటులో సగం ఇస్తే ఇవన్నీ పడతాయి.

ఇట్లు,
లఘుచిత్రాల ఎడిటింగ్, ప్రొజెక్షన్ పనుల్లో ఉన్న కొందరం,
హనుమకొండ